సికింద్రాబాద్‌లో ‘లాగిన్ అయితలేదు’కు ఒక చరిత్ర

ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ను ఇక్కడ కూర్చుని నడిపించడం సికింద్రాబాద్‌కు ఇంటర్నెట్ కన్నా ముందే, రైలు టిక్కెట్‌తోపాటు వచ్చింది. రిజర్వేషన్ కౌంటర్లో గుమాస్తా ముందు ఒక తెర, ఒక కీబోర్డు, వెనక ఒక కేబుల్ ఉండేవి. బెర్తుల లెక్క చూసే అసలు యంత్రం వేరే చోట ఏసీ గదిలో ఉండేది. మధ్యలో లైన్ పోతే కిటికీ వెనక నుంచి "లింక్ ఫెయిల్" అని వినపడేది. క్యూ మొత్తం ఉస్సూరుమనేది. పొద్దుటి నుంచి నిలబడ్డాయన గుమాస్తా మీద అరిచేవాడు. గుమాస్తా చేతిలో ఏమీ లేదని అందరికీ తెలుసు, అయినా కళ్ల ముందు కనపడే మనిషి ఆయనొక్కడే.

పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు నాలుగడుగుల దూరంలో, నేను కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. ఈ రోజుల్లో బల్ల మీదికి వచ్చే మదర్‌బోర్డుల కన్నా ఫోన్లో వచ్చే ఫిర్యాదులే ఎక్కువ. వాటిలోనూ ముందు వరసలో ఉండేది ఇదే: "అన్నా, ఇంటి నుంచి ఆఫీస్ సిస్టమ్‌కు లాగిన్ అయితలేదు." పనిలో కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందుగా సెట్టింగులు చూపించను, ఈ ఫిర్యాదు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. అది తెలిస్తే ఏది ముందు చూడాలో, ఏది తరవాత చూడాలో దానంతటదే అర్థమవుతుంది. ఒకప్పుడు గొడవంతా తీగలో ఉండేది. ఇప్పుడు తీగ నిక్షేపంగా ఉంటుంది, "నువ్వెవరు?" అన్న ప్రశ్న దగ్గరే పని ఆగిపోతోంది.

రైల్వే కథతోనే మొదలుపెడతాను. 1985లో ఢిల్లీలో ‘ఇంప్రెస్’ అనే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. దాన్ని తయారు చేసింది సీఎంసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1975లో పెట్టినప్పుడు దాని పూర్తి పేరు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు ఇక్కడ మిగిలిపోయిన యంత్రాల బాగోగులు దాని నెత్తిన పడ్డాయి. రిపేరు పనితో పెరిగిన ఆ సంస్థ పరిశోధన విభాగం మన సరోజినీ దేవి రోడ్డులో ఉండేది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్: రిజర్వేషన్‌కు దేశం మొత్తం మీద ఈ ఐదే కేంద్రాలు. ఆ తరవాత రైల్వేకే చెందిన క్రిస్ అనే సంస్థ ‘కాన్సర్ట్’ అనే కొత్త సాఫ్ట్‌వేర్ తయారు చేసి, 1994 సెప్టెంబరులో దాన్ని మొట్టమొదట పెట్టింది సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్‌కల్లా ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. అప్పటి నుంచి మన కౌంటర్లో నిలబడి ఢిల్లీలో ఎక్కే బండికి బెర్తు తీసుకోవచ్చు. ఆ సౌకర్యానికి ఆధారం ఇక్కడి టెర్మినల్ అక్కడి యంత్రం దాకా వెళ్లి రావడమే.

ఆ తరం పరికరాల్లో ఒక మంచి గుణం ఉండేది. రోగం ఎక్కడుందో అవే చెప్పేవి. మోడెమ్ ముందు చిన్న ఎర్ర లైట్లు వరసగా ఉండేవి. క్యారియర్ లైట్ ఆరిపోయిందంటే లైన్ పోయినట్టే, టెలిఫోన్ వాళ్లకు చెప్పుకోవాలి. క్యారియర్ వెలుగుతోంది, పంపే లైట్ మినుకుమంటోంది, అందుకునే లైట్ మాత్రం కదలడం లేదంటే ఇక్కడంతా బాగానే ఉంది, అవతలి కొసన చూడాలి. నాకు పని నేర్పిన షాపు యజమాని "ముందు లైట్లు చూడు, తరవాత నోరు తెరువు" అనేవాడు. ఇవాళ్టి ఫైబర్ రౌటర్ దగ్గరా ఆ మాట పనికొస్తుంది. దాని మీద ‘లాస్’ అనే ఎర్ర లైట్ వెలుగుతుంటే కంప్యూటర్‌ను ముట్టుకోవడమే దండగ.

దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రయత్నం మొదటి రోజే బెడిసికొట్టిందని మా పిల్లలకు చెబితే వాళ్లకు కొంచెం ధైర్యం వస్తుంది. 1969 అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ కాబోయాడు. అవతలి కొసన బిల్ డువాల్ ఫోన్లో ఉన్నాడు. క్లైన్ ‘ఎల్’ కొట్టి వచ్చిందా అని అడిగాడు, వచ్చింది. ‘ఓ’ కొట్టాడు, వచ్చింది. మూడో అక్షరం ‘జీ’ దగ్గర అవతలి సిస్టమ్ పడిపోయింది. సుమారు గంట తరవాత దాన్ని సరిచేసుకుని మళ్లీ ప్రయత్నిస్తే పని జరిగింది. ఇందులో నాకు నచ్చేది ఆ ఫోన్. తెర మీద ఏం కనపడుతోందో అవతలి మనిషిని ఒక్కో అడుగూ అడుగుతూ పోవడం ఆ రాత్రి ఎట్లా జరిగిందో, మేం ఇప్పటికీ అట్లాగే చేస్తున్నాం.

రైల్వే తరవాత ఈ పని రాణిగంజ్‌కు దిగింది. పంపులు, బేరింగులు, పైపులు అమ్మే పెద్ద దుకాణాల్లో తొంభైల నాటికి యూనిక్స్ నడిచే ఒక యంత్రం, దానికి నాలుగైదు టెర్మినళ్లు ఉండేవి. యజమాని గదిలో ఒకటి, బిల్లింగ్ దగ్గర ఒకటి, గోడౌన్‌లో ఒకటి. కేబుల్ మేమే టంకం పెట్టి చేసేవాళ్లం. 25 పిన్నుల కనెక్టర్లో రెండో పిన్ను మీద మాట వెళుతుంది, మూడో పిన్ను మీద మాట వస్తుంది, ఏడోది గ్రౌండ్. రెండోదాన్నీ మూడోదాన్నీ మార్చి కలపాల్సిన చోట నేరుగా కలిపితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ వినరు. యాభై అడుగులు దాటితే సిగ్నల్‌కు నమ్మకం లేదు. గోడౌన్ వీధి అవతల ఉందంటే తెర మీద సగం అక్షరాలు చెత్తచెత్తగా వచ్చేవి.

ఆ రోజుల్లో "టెర్మినల్ హ్యాంగ్ అయింది" అని పిలుపు వస్తే సగం సార్లు అక్కడ రోగమే ఉండేది కాదు. కంట్రోల్ నొక్కి పట్టుకుని ఎస్ కొడితే తెర ఆగిపోతుంది. కంట్రోల్‌తో క్యూ కొడితే మళ్లీ కదులుతుంది. కొన్ని టెర్మినళ్లలో ఆ పనికి మొదటి ఫంక్షన్ కీ మీద ‘హోల్డ్ స్క్రీన్’ అని రాసే ఉండేది. గుమాస్తా ఫైలు తీస్తుంటే దాని అంచు తగిలి ఆ కీ పడిపోయేది. సైకిల్ మీద రాణిగంజ్ దాకా వెళ్లి ఒక కీ నొక్కి వస్తే విజిటింగ్ చార్జి అడగడానికి మొహం చెల్లేది కాదు. అందుకే వెళ్లేముందు ఫోన్లోనే అన్నీ అడిగి తేల్చుకోవడం అలవాటైంది.

ఇదే పనిని సముద్రాలు దాటించి చేసినవాళ్లూ అప్పుడు మా పక్కనే ఉండేవాళ్లు. 1987లో సికింద్రాబాద్‌లో మొదలైన సత్యం కంప్యూటర్స్‌కు 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పని దొరికింది. ఎస్పీ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్ అప్పట్లో సత్యం చిరునామా. గోడౌన్ టెర్మినల్‌కూ, అమెరికా యంత్రం మీద ఇక్కడి నుంచి పనిచేయడానికీ సూత్రం ఒకటే, కేబుల్ పొడవే తేడా.

1995 రెండు కారణాలకు గుర్తుపెట్టుకోవాల్సిన ఏడాది. ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. అదే ఏడాది ఫిన్లండ్‌లో టాటూ యులోనెన్ అనే పరిశోధకుడు, దూరపు లాగిన్‌ను గుప్తలిపిలో పంపే ఎస్ఎస్‌హెచ్ రాశాడు. అప్పటిదాకా అందరూ వాడిన టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు తీగ మీద వెళ్లేది. మధ్యలో పొంచి ఉన్నవాడు చదువుకోవచ్చు. తన విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో అట్లా పాస్‌వర్డులు దొంగిలించడం చూసే ఆయన ఈ పనికి పూనుకున్నాడు. టెల్నెట్ పోర్టు, అంటే తలుపు నంబరు, 23, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ పోర్టు 21, మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. మా వృత్తిలో గొడవ తీగ మీద నుంచి తాళం వైపు తిరిగిన మలుపు నా లెక్కలో అదే. మా ఊళ్లో మాత్రం ఆ సంగతి అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఎందుకంటే ఇక్కడ ఇంకా తీగే సరిగ్గా లేదు.

డయలప్ రోజుల్లో ప్రతి మోడెమ్ పెట్టెతోపాటూ ఒక చిక్కు వచ్చేది. "నో డయల్‌టోన్" అనేది మోడెమ్. ఫోన్ ఎత్తి వింటే టోన్ చక్కగా ఉండేది. అమెరికా టోన్‌కు అలవాటు పడ్డ మోడెమ్ చిప్‌కు మన ఎక్స్ఛేంజి టోన్ టోన్‌లాగే అనిపించేది కాదు. మోడెమ్ సెట్టింగుల్లో ‘ఎక్స్3’ అని ఒక ముక్క చేర్చితే టోన్ కోసం ఎదురుచూడకుండా నంబర్ తిప్పేసేది. పాత ఎక్స్ఛేంజి అయితే ‘ఏటీడీటీ’ బదులు ‘ఏటీడీపీ’ కొట్టాలి, అప్పుడు టోన్లు కాకుండా టకటకమని పల్సులు వెళతాయి. కనెక్టయ్యాక లోపలి గదిలో ఎవరో రిసీవర్ ఎత్తారా, అంతే సంగతులు. మారేడుపల్లిలో ఒక ఆడిటర్ గారింట్లో ఈ సమస్యకు మేం చేసిన పరిష్కారం పారలల్ ఫోన్‌ను పీకేయడం. ఆయన సంతోషించారు, ఇంట్లో అమ్మగారు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

విండోస్ రంగంలోకి దిగాక కథ వేరైంది. 1998లో విండోస్ ఎన్‌టీకి టెర్మినల్ సర్వర్ వచ్చింది. 2001లో ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పెట్టారు. యూనిక్స్ గుమాస్తాకు పచ్చ అక్షరాలే కనపడేవి, ఇప్పుడు మొత్తం డెస్క్‌టాప్, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీతో సహా, ఇంట్లో కనపడుతుంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసరికి జనరల్ బజార్ బట్టల వ్యాపారి కూడా రాత్రి భోంచేశాక ఇంటి నుంచి రోజు లెక్క చూసుకోవాలనుకున్నాడు. మా ఫోన్ అప్పటి నుంచి రాత్రిళ్లు కూడా మోగడం మొదలుపెట్టింది.

ఆ సంభాషణ అప్పుడూ ఇప్పుడూ ఒక్క తీరే.

"అన్నా, అయితలేదు."

"ఏ అడ్రస్ కొడుతున్నవ్ తమ్మీ?"

"192.168.1.10. ఆఫీసుల గిదే కొడితే మంచిగ అయితది గదా?"

ఆఫీసులో అవుతుంది. 192.168తో మొదలయ్యే అడ్రస్ ఆ ఆఫీసు గోడల లోపలే చెల్లుతుంది. ఇంటి నుంచి వెళ్లాలంటే ఆఫీసు రౌటర్‌కు బయటి ప్రపంచం ఇచ్చిన అడ్రస్ కావాలి, ఆ రౌటర్ 3389 పోర్టుకు వచ్చిన పిలుపును లోపలి ఫలానా సిస్టమ్‌కు అందించాలి. అడ్రస్ సరిగ్గా ఉందనుకుందాం. ఆఫీసు సిస్టమ్ ఆన్‌లో ఉందా? ఉంది, అయితే అరగంట ఖాళీగా ఉంటే నిద్రపోయేట్టు సెట్టింగ్ ఉందా? అది హోమ్ ఎడిషనా? హోమ్‌లో బయటివాళ్లను లోపలికి రానిచ్చే సదుపాయమే లేదు. లాగిన్‌కు పాస్‌వర్డ్ ఉందా? "మన దుకాణమే గదా" అని పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసినవాళ్లు బోలెడుమంది. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాను విండోస్ కుర్చీలో కూర్చున్నవాడికి ఇస్తుంది, దూరం నుంచి వచ్చినవాడికి ఇవ్వదు. చివరగా బయటి నుంచి టెల్నెట్‌తో 3389ను తట్టి చూస్తాం. నల్లటి ఖాళీ తెర వస్తే పోర్టు తెరిచే ఉందని అర్థం. లాగిన్‌కు ఎవరూ వాడని టెల్నెట్ ఇట్లా పోర్టు పరీక్షకు మాత్రం మిగిలిపోయింది. విస్టా నుంచి దాన్ని విండోస్ ఫీచర్లలోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి.

లైసెన్సు గొడవలు ఇంకో రకం. సర్వర్ విండోస్‌లో టెర్మినల్ సేవ 120 రోజులు ఉచితంగా నడుస్తుంది. 121వ రోజు పొద్దున షాపు తెరిచేసరికి ఎవరికీ లాగిన్ కాదు. "నిన్నటిదాకా అయింది, మీరేదో చేశారు" అని నింద మా మీద పడుతుంది. మామూలు విండోస్‌లో ఒకేసారి ఒక్కరికే చోటు. నలుగురు దూరాలని లోపలి ఫైలును అడ్డదారిలో మార్చినవాళ్లకు, తరవాతి అప్‌డేట్ ఆ ఫైలును మళ్లీ యథాస్థానానికి తెచ్చినప్పుడు పని మొత్తం ఆగిపోతుంది. ఆ అడ్డదారి మా షాపులో చేయం. చేయించుకున్నవాళ్లు చివరికి మా దగ్గరికే వస్తారు.

2011లో మరో చిక్కు మొదలైంది. ఇంటర్నెట్ పాత పద్ధతిలో ఉన్న అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయిలో పంచడానికి ఉన్న చివరి కట్టలు అయిపోయాయి. ఏప్రిల్‌కల్లా ఆసియా వాటా కూడా అడుగంటింది. ఆ తరవాత ఇంటర్నెట్ కంపెనీలు ఒకే అడ్రస్ వెనక అనేక ఇళ్లను పెట్టడం పెంచాయి. రౌటర్ పేజీలో మీ బయటి అడ్రస్ 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే. అట్లాంటి చోట పోర్టు ఎంత తెరిచినా బయటి నుంచి ఎవరూ మీ దాకా రాలేరు. నెలకు కొంత కట్టి మారని అడ్రస్, అంటే స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా బయటి సర్వర్ ద్వారా కలిపే వీపీఎన్ పెట్టుకోవాలి. మారిపోయే అడ్రసుకు స్థిరమైన పేరు ఇచ్చే డిన్‌డీఎన్ఎస్ ఉచిత సేవ కూడా 2014 మేలో ఆగిపోయింది. దాన్ని నమ్ముకున్న దుకాణాలన్నీ ఒక్కవారంలో మా మీద పడ్డాయి.

ఇన్ని తిప్పలు లేకుండా చేస్తామంటూ టీమ్‌వ్యూయర్ 2005లో, ఎనీడెస్క్ 2014లో జర్మనీ నుంచి వచ్చాయి. రెండు కొసలూ మధ్యలో ఉన్న కంపెనీ సర్వర్‌ను కలుసుకుంటాయి కాబట్టి పోర్టులతో, స్టాటిక్ ఐపీతో పని లేదు. తెర మీద కనిపించే నంబర్ చెబితే చాలు. తార్నాకలో, సైనిక్‌పురిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కంప్యూటర్లను డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలు సరిచేస్తున్నది వీటితోనే. ఆ పిల్లలు అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి "అంకుల్, నాన్నగారింటికి వెళ్లి ఒక్కసారి ఆ నంబర్ చదివి చెప్పండి, ప్లీజ్" అంటారు. ఆయనకు చత్వారం, అంకెలు కనపడవు. యంత్రానికి పదివేల మైళ్లు లెక్కలేదు, కళ్లజోడు కనపడకపోతే మాత్రం పని ఆగుతుంది.

తాళం గొడవ మా వీధికి పూర్తిగా వచ్చింది 2018 మే 8న. ఆ రోజు మైక్రోసాఫ్ట్ పంపిన అప్‌డేట్‌తో, అప్‌డేట్ అయిన ఇంటి కంప్యూటర్ అప్‌డేట్ కాని ఆఫీసు సర్వర్‌ను నమ్మడం మానేసింది. ‘ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ రెమిడియేషన్’ అని నోరు తిరగని సందేశం వచ్చేది. లైన్ బాగుంది, అడ్రస్ బాగుంది, పాస్‌వర్డ్ బాగుంది, అయినా లోపలికి రానివ్వదు. చాలామంది ఆ భద్రతను తీసేసి పని నడిపించుకున్నారు. సర్వర్‌కు కూడా అప్‌డేట్ చేయడమే అసలు మందు. మరుసటి ఏడాది మే 14న ‘బ్లూకీప్’ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ దారిలో చొరబడే వీలుందని తేలింది. 2014లోనే చేతులు దులుపుకున్న ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్లీ మరమ్మతు పంపిందంటే ప్రమాదం ఎంతటిదో ఊహించుకోవచ్చు. 3389ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచిపెట్టిన వ్యాపారుల ఏళ్ల ట్యాలీ డేటాకు ఒక్క రాత్రిలో తాళాలు పడిపోయి, విడిపించడానికి బిట్‌కాయిన్లు అడిగే చీటీ మిగలడం మా బజార్లలో కొత్త సంగతి కాదు.

2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ప్యారడైజ్ చౌరస్తా నిర్మానుష్యమైంది, మా ఫోన్లు మాత్రం ఆగలేదు. ఆఫీసు సిస్టమ్ షట్‌డౌన్ చేసి ఇంటికి వెళ్లినవాళ్లందరికీ అది మళ్లీ కావాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మాకు అక్కరకొచ్చిన మనిషి నెట్‌వర్క్ ఇంజనీరు కాదు, ఆఫీసు బిల్డింగ్ వాచ్‌మన్. ఆయన వీడియో కాల్‌లో తెర చూపిస్తే, ఏ బటన్ నొక్కాలో మేం చెప్పేవాళ్లం. క్లైన్, డువాల్ చేసిన పనే అది.

ఈ చరిత్ర తెలియనివాడు పాస్‌వర్డ్ అడుగుతున్న సిస్టమ్‌కు కేబుల్ మారుస్తాడు, కేబుల్ ఊడిన సిస్టమ్‌కు పాస్‌వర్డ్ మారుస్తాడు. వరస ఎప్పుడూ ఒకటే: కరెంటు, లైన్, అడ్రస్, పోర్టు, ఆ తరవాతే పాస్‌వర్డూ అప్‌డేటూ లైసెన్సూ. యంత్రాలు ఏ వరసలో చెడిపోవడం నేర్చుకున్నాయో మనమూ అదే వరసలో చూడాలి.

తీగ చెడిన రోజుల్లో నష్టం ఒక పూట పనే. ఇప్పుడు తాళం చెడితే ఇల్లు పోతుంది. ఎనీడెస్క్‌తో జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. బ్యాంకు నుంచి, కరెంటు ఆఫీసు నుంచి అని చెప్పి తెర మీది నంబర్ అడిగేవాళ్లు ఇవాళ్టికీ ఫోన్ చేస్తూనే ఉన్నారు. కాబట్టి చదువుతున్నవాళ్లు నా మాటగా ఇవి చేయండి. దుకాణం సిస్టమ్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. 3389ను నేరుగా బయటికి తెరవకుండా వీపీఎన్ పెట్టించండి. ట్యాలీ డేటాను వారానికోసారి వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను పీకి బీరువాలో పెట్టండి. మీరు పిలవకుండా తనంతట తాను ఫోన్ చేసినవాడికి తెర మీది నంబర్ చెప్పకండి, వాడు నా పేరు చెప్పినా సరే. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి.